షర్బత్ బాబా గంగాళం

మౌలాలికి ఒళ్ళు మండిపోతోంది. ఎండకు కాదు, సిలార్‌ను చూసి.

ఆదోని పోయే దారిలో ఒక చిన్న దర్గా ఉంది. దాన్ని చూసుకునేది కాశిం తాత. ఆ తాత శిష్యుడు మౌలాలి. పోయినేడు దాకా సిలార్ కూడా తాత శిష్యుడే. ఒకనాడు చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయినాడు. ఈ ఎండాకాలం తిరిగొచ్చి, సరిగ్గా దర్గా ఎదురుగానే, రోడ్డుకు అవతల చలిపందిరి వేసినాడు. ఊరికే వేస్తే పోనీలే అనుకోవచ్చు. పూలదండలు, మైకు, మనిషంత ఎత్తు ఫ్లెక్సీ. ఫ్లెక్సీలో చెయ్యెత్తి దీవిస్తూ తనే. కింద 'షర్బత్ బాబా' అని రంగుల అక్షరాలు.

బాబా అంట, బాబా! గడ్డం పెంచితేనే బాబాలైతే మేకపోతులన్నీ బాబాలే కావాల కదా.

ఎండలు ముదిరినాయంటే కాశిం తాత దారిన పోయేవాళ్ళకు పండ్ల షర్బత్ పోస్తాడు. ఇది ఎప్పటినుంచో ఉన్నదే. పుచ్చకాయ గుజ్జు చేత్తో మెదిపి, పల్చటి గుడ్డలో వడగట్టి, బెల్లం నీళ్ళు కలిపి, కడాన నిమ్మకాయలు పిండుతారు. పిండిన చెక్కను మళ్ళీ పిండకూడదు, చేదొస్తుంది. తర్వాత చిటికెడు ఉప్పు, నానిన సబ్జా గింజలు. అంతే. మట్టిబానల్లో పోసి తడిగుడ్డ చుడితే, తాగినవాడికి ప్రాణం లేచొస్తుంది. సిలార్ నేర్చుకున్నది ఇక్కడే, మౌలాలి పక్కన కూచుని పుచ్చకాయలు కోస్తా. మరి ఇప్పుడు మైకులో ఏమంటున్నాడు? ఎవరో ఫకీరు కలలోకొచ్చి తనకీ షర్బత్ చెప్పిపోయినాడంట!

తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే. మౌలాలి తాత దగ్గరికి పోయి మొత్తుకున్నాడు. ఇది దొంగతనం కాదా, మీరొచ్చి ఒక్క మాట చెప్తే వాడి గుట్టు నలుగురిలో బయటపడుతుంది కదా అన్నాడు. తాత నిమ్మకు నీరెత్తినట్టు కూచుని, సబ్జా గింజలు నానినాయా అని అడిగినాడు. మౌలాలికి ఏడుపొచ్చింది.

జనం సంగతి చెప్పనే అక్కర్లేదు. సంతకు పోయేవాళ్ళు మట్టిబానల వైపు తిరిగి చూడటమే మానేసినారు. అవతల మైకు మోగుతుంటే ఇవతలకెవరొస్తారు? దానికి తోడు సిలార్ ఈ సంతకని ఎక్కడినుంచో ఇత్తడి గంగాళం తెప్పించినాడు. పది మంది పట్టి దించాల్సినంత పెద్దది. చింతపండు పెట్టి తోమితే బంగారంలా మెరుస్తోంది.

ఆ గంగాళం సంగతేందో చూద్దామని మౌలాలి సంతరోజు పొద్దున్నే రోడ్డు దాటినాడు. సిలార్ మనుషులు దాన్ని పక్కకు వంచి కడుగుతున్నారు. లోపలికి తొంగి చూసినాడు. అడుగున తగరం పూత, అదే కళాయి, పోయింది. అక్కడక్కడా పచ్చటి ఇత్తడి బయటపడి ఉంది.

కళాయి లేని ఇత్తట్లో పులుపు పోస్తే కిలుమెక్కుతుంది. ఏ ఇంట్లోనైనా ఆడవాళ్ళు అందులో చారు కూడా కాచరు. అట్లాంటిది నిమ్మరసం పోసి పొద్దంతా ఉంచితే తాగినవాళ్ళకు కడుపులో తిప్పుతుంది, వాంతులు పట్టుకుంటాయి. ఇది సిలార్‌కు తెలియదా? తెలుసు. కానీ బాబా అయినాక అతను గంగాళంలోకి వంగి చూసింది ఎప్పుడు? కడిగేది ఒకరు, కలిపేది ఇంకొకరు. అతని పని దీవించడమే.

మౌలాలి నోటిదాకా వచ్చిన మాటను మింగేసినాడు. తాగనీలే అనుకున్నాడు. నలుగురు కక్కుకుంటే అప్పుడు తెలుస్తుంది బాబాగారి మహిమ. చేసుకున్నవాడికి చేసుకున్నంత. ఇన్నాళ్ళకు ఆ పూట అతని మనసు చల్లబడింది.

అయితే ఎండెక్కేసరికి మళ్ళీ మైకు మొదలైంది. మళ్ళీ ఆ ఫకీరు, ఆ కల. ఈసారి కలలో ఫకీరు సిలార్ తల మీద చెయ్యి కూడా పెట్టినాడు. మౌలాలి ఉండబట్టలేక తాత ముందుకు పోయి, మీకు చీమ కుట్టినట్టయినా లేదా, మీ పేరు చెప్పడానికి కూడా వాడికి నోరు రాలేదే అని గట్టిగానే అడిగేసినాడు. గంగాళం మాట మాత్రం ఎత్తలేదు.

తాత లేచి తలకు రుమాలు చుట్టుకున్నాడు.

"పద. మనమూ తాగొద్దాం."

మౌలాలి ఎగిరి గంతేసినంత పని చేసినాడు. తాగేదేముంటుంది, తాత పోయి నలుగురిలో నిలదీస్తాడని అతని ఆశ. తీరా పోయినాక తాత ఏమీ అనకుండా వరస చివర నిలబడినాడు. సిలార్ చూసి, ముఖం మాడిపోయి, పరుగున వచ్చి ముందుకు రమ్మన్నాడు. వీళ్ళందరికీ దాహమే కదా, నా వంతు వచ్చినప్పుడే పోస్తువులే అన్నాడు తాత.

వరస ముందర ఒక ముసలామె తాగుతోంది. ఉల్లిగడ్డల గంప మోసుకుని ఎంత దూరం నుంచి వచ్చిందో, చెమటకు రవిక తడిసిపోయింది. ఒక గ్లాసు తాగి, ఇంకొకటి పోయించుకుని, అదీ తాగి, పోయి గోడ నీడలో కూలబడింది. మౌలాలి చూస్తూనే ఉన్నాడు. చెప్పాలని నాలుక దురద పెట్టింది. తలెత్తి ఫ్లెక్సీ వైపు చూసినాడు. ఆ దురద పోయింది.

వరస నిదానంగా జరిగింది. చాలాసేపటికి వీళ్ళ వంతు వచ్చింది. సిలార్ తనే గ్లాసు ముంచి, వంగి, రెండు చేతులతో ఇచ్చినాడు. తాత బిస్మిల్లా అనుకుని గ్లాసు నోటి దగ్గరికి ఎత్తినాడు.

మౌలాలి ఆ చెయ్యి పట్టి లాగేసినాడు. షర్బత్ తాత జుబ్బా మీద ఒలికింది.

"తాగొద్దు తాతా. గంగాళానికి కళాయి పోయింది."

మైకు ఆగిపోయింది. సిలార్ గరిటెతో షర్బత్ పక్కకు నెట్టి, వంగి, అడుగు దాకా చూసినాడు. అతని ముఖంలో నెత్తురు చుక్క లేదు. మనుషులను పిలిచి గంగాళం వంచేయించినాడు. ఎర్రటి షర్బత్ రోడ్డు మీద పారింది. చేతుల్లో గ్లాసులున్నవాళ్ళు పారబోసి తిట్టడం మొదలుపెట్టినారు.

మౌలాలికి ఛాతీ ఉప్పొంగింది. చూసినారా మీ బాబాను అని జనానికి వినపడేటట్టు అన్నాడు. నేను లేకుంటే ఈ పొద్దు మా తాత ఏమైపోయేవాడు అని కూడా అన్నాడు. ఇప్పుడైనా తాత తన భుజం తడతాడని చూసినాడు.

తాత జుబ్బా దులుపుకుంటున్నాడు.

"ఎప్పుడు చూసినావు?"

"పొద్దున్నే తాతా."

తాత గోడ వైపు చూసినాడు. నీడలో ఆ ముసలామె గంప పక్కకు జరిగి, నేల మీదికి వంగి వాంతి చేసుకుంటోంది.

"నా చెయ్యి పట్టుకున్నావు. ఆ యమ్మ చెయ్యి నీకు అందలేదా?"

మౌలాలి పోయి ఆమె పక్కన మోకాళ్ళ మీద కూచుని, రెండు చేతులతో ఆమె నుదురు పట్టుకున్నాడు. ఆమె కక్కినంతా కక్కి, కళ్ళు తుడుచుకుని, ఎవరో ఏమో చూడకుండానే, "నీ కడుపు చల్లగుండ నాయనా" అంది.

మౌలాలి తల ఎత్తలేదు.