సుక్రమ్మ తులాభారం

అన్యాయం జరిగింది వంతల సుక్రమ్మకి. మే నెల ఇరవై రెండో తారీకు, మిట్టమధ్యాహ్నం, జాకరగొంది కొండ మీద. చేసినవాడు దుర్మార్గుడైతే ఈ కథ చెప్పే పనే లేదు. చేసినవాడు మంచివాడు, పైగా తెలివైనవాడు.

అతని పేరు వామదేవుడు. సైన్యంలో పదేళ్ళు హెలికాప్టర్లు నడిపి, మనసు విరిగి, గుండు చేయించుకుని భ్రమరమ్మగారి ఆశ్రమంలో శిష్యుడిగా చేరాడు. ఆ ఆశ్రమానికి కొండ కింద ఒక ఆస్పత్రి ఉంది. దారి లేని ఊళ్ళ నుంచి రోగుల్ని దించడానికి ఒక దాత చిన్న హెలికాప్టర్ కొనిచ్చాడు. దానికి ఏమేం అదనపు సామాన్లు బిగించాలో ఎంచే పని వామదేవుడి మీద పడింది.

ఎంచడమంటే అతను ఎంచినట్టు ఎంచాలి. కంపెనీవాళ్ళు పంపిన పుస్తకం పట్టుచీరల కొట్టులాంటిది, చూసినవాళ్ళు ఉత్త చేతుల్తో బయటికి రాలేరు. ఇతను వచ్చాడు. తోలు సోఫాలు వద్దన్నాడు. సముద్రం లేనిచోట నీళ్ళ మీద తేలే గాలిసంచులెందుకని కొట్టేశాడు. తలుపు మీద తన పేరు బంగారు రంగులో ఉండాలన్న దాతకి మొహం మీదే కుదరదని చెప్పాడు. అలా చెప్పడానికి ఎంత గుండె కావాలో ఆశ్రమాలు నడిపేవాళ్ళకి తెలుసు.

ఉంచుకున్నవాటికి ఒక్కోదానికి ఒక్కో కారణం. జ్వరంతో కాగేవాళ్ళ కోసం ఏసీ. ముసలివాళ్ళు చప్పుడుకి హడలిపోకుండా గోడలకి మందపాటి మెత్త. రేపు ఇంకొకరికి నేర్పాలి గనక పక్క సీటుకీ నడిపే కర్ర, పెడళ్ళు. చీకటిపడితే నేల కనపడేలా పెద్ద లైటు. కరెంటు తీగలు అడ్డం వస్తే తెంపే కత్తి. ఒక్కటీ వృథా కాదు. తెల్లగా, సన్నగా, కొండగాలిలో కూడా నిలకడగా లేచే ఆ యంత్రాన్ని చూసి ఆస్పత్రి అంతా మురిసిపోయింది. వామదేవుడూ మురిసిపోయాడు.

ఆ ఇరవై రెండో తారీకున సుక్రమ్మ ఐదేళ్ళ కూతుర్ని పాము కరిచింది. కబురందిన అరగంటలో వామదేవుడు కొండ మీద దిగాడు. పిల్లనీ నర్సునీ ఎక్కించాడు. తల్లి ఎక్కబోయింది. అంత ఎత్తులో, అంత ఎండలో గాలి పలచబడుతుంది. పలచని గాలిలో హెలికాప్టర్ మోసే బరువు తగ్గిపోతుంది. అతను లెక్క చూసుకున్నాడు. ఇంకొక్క మనిషి ఎక్కితే లేవదు. తలుపు పట్టుకున్న సుక్రమ్మ చెయ్యి విడిపించి, తలుపు వేసేశాడు.

పిల్ల బతికింది. కళ్ళు తెరిచేసరికి తనకొచ్చిన కొండభాష తెలిసిన మనిషి ఒక్కరూ లేరు. గుక్కపట్టి ఏడ్చింది. తర్వాత ఏడవడం కూడా మానేసింది. సుక్రమ్మ కొండలన్నీ నడిచి దిగొచ్చి ఎత్తుకుంటే, ఎవరో కొత్తమనిషి ఎత్తుకున్నట్టు బిగుసుకుపోయింది.

సుక్రమ్మ తిట్టలేదు, శాపాలు పెట్టలేదు. పిల్లని చంకనేసుకుని షెడ్డు దగ్గరికొచ్చి వామదేవుణ్ణి ఒక్కటే అడిగింది.

"బాబూ, నాకన్నా బరువైంది లోపల ఏటుంది?"

అతను గాలి గురించీ, ఎత్తు గురించీ చెప్పుకొచ్చాడు. ఆమె చివరిదాకా వింది.

"గాలి సంగతి నాకెందుకు? లోపల ఏటుందని అడిగాను."

వామదేవుడు తల తిప్పి హెలికాప్టర్ వైపు చూశాడు.

"మా ఊరోళ్ళు ఇంక పిల్లల్ని ఇందులోకి ఎక్కించరంట. చచ్చినా మా ఒళ్ళోనే చావనీ అంటన్నారు. ఆళ్ళకి నేనేటి చెప్పాల?"

వామదేవుడు గురువుగారి దగ్గరికి పరుగెత్తాడు. భ్రమరమ్మగారికి డెబ్భై దాటాయి. మైకు ముందు కూర్చునే రకం కాదు. అప్పుడు వంటింటి గడప మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తున్నారు.

"అమ్మా, దారి దొరికింది. ఇంజను బలం పెంచే అమరిక ఒకటుంది. దాతగారు ఒప్పుకుంటారు. ఎనిమిది నెలల్లో వచ్చేస్తుంది."

"అందాకా పాములకి సెలవిచ్చావా?"

ఆవిడ ఇంకో గింజ తీసి పక్కన పడేశారు.

"దాని బరువెంత?"

"పన్నెండు కిలోలమ్మా."

ఆవిడ పకపకా నవ్వారు. "బాగుంది నాయనా. బరువుకి మందు తెస్తానంటావు, ఆ మందూ బరువే." చేతులు కడుక్కుని లేచారు. "సుక్రమ్మని మండపంలోకి పిలు."

మండపంలో ఇనుప గొలుసులకి పెద్ద తక్కెడ వేలాడుతుంటుంది. డబ్బున్నవాళ్ళు అందులో కూర్చుని తమ ఎత్తు బెల్లం తూయించి ఆశ్రమానికిస్తారు. బొజ్జ ఉన్న భక్తుడు వచ్చిన వారం పరమాన్నం బాగా తియ్యగా ఉంటుంది.

"అమ్మో, అది పెద్దోళ్ళు కూకునేది," అంది సుక్రమ్మ.

"ఇవాళ పెద్దదానివి నువ్వే. కూర్చో."

సుక్రమ్మ పిల్లని మెట్టు మీద దింపి పళ్ళెంలో ముడుచుకుని కూర్చుంది. గురువుగారు వామదేవుడి వైపు తిరిగారు.

"ఆమె నిన్నొకటి అడిగింది. జవాబు రెండో పళ్ళెంలో పెట్టు."

ఏడాదికోసారి చేసే తనిఖీకని హెలికాప్టర్‌ని అప్పటికే విప్పారు. సామాన్లన్నీ షెడ్డులో పట్టా మీద పరిచి ఉన్నాయి. వామదేవుడు వెళ్ళి ఏసీ మోసుకొచ్చి పెట్టాడు. గోడల మెత్త చుట్టచుట్టి తెచ్చాడు. పక్క సీటు కర్ర, పెడళ్ళు తెచ్చాడు. లైటు పట్టుకుని మాత్రం కాస్త తటపటాయించాడు.

"రాత్రిపూట ఆ కొండల్లో ఎప్పుడైనా ఎగిరావా?" అన్నారు గురువుగారు.

"లేదమ్మా. ఎగరకూడదు."

లైటు కూడా పళ్ళెంలోకి వెళ్ళింది. సుక్రమ్మ కొంచెం పైకి లేచింది. ఇంకా సమానం కాలేదు. వామదేవుడికి పశ్చాత్తాపం పూనకంలా పట్టింది. మళ్ళీ పరుగెత్తి తీగలు తెంపే కత్తి పట్టుకొచ్చి పళ్ళెంలో పడేశాడు.

గురువుగారు దాన్ని తీసి అతని చేతిలో పెట్టారు. "ఇది ఎక్కడిదక్కడే బిగించు. నువ్వు తీగలకి తగులుకుంటే పిల్లెక్కడ, తల్లెక్కడ?"

"మరి ఇంకా తక్కువుందమ్మా."

ఆవిడ సుక్రమ్మ జారిన కొంగు సర్దుతూ నిలబడ్డారు.

వామదేవుడు ఈసారి నెమ్మదిగా నడిచి షెడ్డులోకి వెళ్ళాడు. సైన్యంలో దెబ్బతిన్న నడుం కోసం తన సీటు మీదికి విడిగా ఒక మెత్త, దాని కింద ఇనుప చట్రం తెప్పించుకున్నాడు. కారణం అడిగితే చెప్పుకోగలిగిందే, ఎవరూ అడగలేదు. ఆ రెండూ తెచ్చి పళ్ళెంలో పెట్టాడు.

తక్కెడ నిలిచింది.

సుక్రమ్మ ఎదుటి పళ్ళెంలోకి తొంగి చూసింది. ఏసీని చూసింది, మెత్తల్ని చూసింది.

"ఇయ్యేనా?" అంది.

ఆమె దిగగానే సామాన్ల పళ్ళెం దభీమని రాతిబండ మీద పడింది. ఆ చప్పుడుకి పిల్ల కెవ్వుమని లేచి, పరుగెత్తి తల్లి మెడ కరుచుకుంది. సుక్రమ్మ అప్పుడు ఏడ్చింది, మొదటిసారి.

కళ్ళు తుడుచుకుని అడిగింది. "ఊళ్ళో ఏటి చెప్పమంటావు బాబూ?"

"ఇకమీదట పిల్ల ఎక్కితే తల్లీ ఎక్కుతుందని చెప్పు తల్లీ."

ఆమె వెళ్ళిపోయాక వామదేవుడు పళ్ళెం పక్కనే చతికిలబడ్డాడు.

"అన్నీ మంచివే ఎంచానమ్మా. ఇందులో చెడ్డది ఒక్కటైనా ఉందా?"

"చెడ్డవైతే తూచే పనేముంది నాయనా, పారేస్తాం. మంచివి కాబట్టే తూచాలి," అన్నారు భ్రమరమ్మగారు, చింతపండు దగ్గరికి వెళ్ళిపోతూ.

కాగితాల పనంతా అయ్యాక జూన్ పంతొమ్మిదో తారీకున హెలికాప్టర్‌ని మళ్ళీ తూచారు. మునుపటికన్నా యాభై ఒక్క కిలోలు తగ్గింది.