త్రికాలానందుడి నుదుటి చూపు

అన్యాయం జరిగింది గురవమ్మకి. మందగిరి కోట వంటశాలలో పిండి రుబ్బే మనిషి. ఖర నామ సంవత్సరం ఆషాఢ బహుళ తదియ, ఆదివారం పొద్దున, రాణిగారి కెంపుల హారం ఆమే తీసిందని త్రికాలానంద స్వామి కళ్ళు మూసుకుని చెప్పాడు. రాజు జగ్గభూపతి కళ్ళు తెరుచుకునే ఉండి నమ్మాడు.

హారం ఆమె దగ్గర దొరికిందా అంటే, లేదు. గుడిసె నేల తవ్వారు, రోలు బోర్లించి చూశారు. మాయ చేసి దాచిందన్నాడు స్వామి. ఇంకేం, గుర్రాలశాల పక్క కొట్లో పెట్టి తాళం వేశారు. శ్రావణ శుద్ధ పంచమి దర్బారు ముగియగానే గుండు గీయించి పొలిమేర దాటించమని రాజాజ్ఞ.

అసలు గురవమ్మ నేరం వేరు. గాలి పీల్చి బతుకుతానని చెప్పుకునే స్వామికి రోజూ చాటుగా పద్దెనిమిది గారెలు వెళ్తున్నాయనీ, అల్లప్పచ్చడి చాలకపోతే కబురు కూడా వస్తోందనీ నలుగురిలో అనేసింది. పప్పు రుబ్బేది ఆమే కదా, ఆమెకి తెలియక ఇంకెవరికి తెలుస్తుంది?

ఆ నలుగురిలో ఓబుళమ్మ ఒకతె. రాజు పక్కన నిలబడి తమలపాకులు చుట్టి అందించడం ఆమె పని. లేఖరుల గది గుమ్మం దగ్గర కూర్చుని ఆకులు తుడుస్తూ, వాళ్ళు పారేసిన తాటాకు ముక్కలు కూడబలుక్కుని చదువు నేర్చుకుంది. ఆ సంగతి కోటలో ఎవరికీ తెలియదు. అడిగినవాడు ఉంటే కదా.

పంచమికి ముందురోజు ఆకు అందిస్తూ రాజుతో అంది, గురవమ్మ అలాంటిది కాదని. రాజుకి కోపం వచ్చింది. ఏ కాలికి ముందు చెప్పు తొడగాలో కూడా స్వామినే అడిగి తొడిగే రాజు మరి.

"అయితే స్వామిది అబద్ధమని రేపు దర్బారులో తేల్చు. తేలిస్తే కోరింది ఇస్తాను. తేల్చలేకపోయావా, గురవమ్మ పక్కన నీకూ గుండే."

"సరే ఏలినవారూ," అంది ఓబుళమ్మ. అని, ఇంకో ఆకు చుట్టింది.

స్వామి మహిమ చూపే పద్ధతి ఇదీ. ప్రశ్న ఉన్నవాళ్ళు దాన్ని తాటాకు ముక్క మీద రాసి, చుట్టి, లక్కతో మూసి పళ్ళెంలో పెట్టాలి. స్వామి ఒక్కో చీటీ తీసి నుదుటికి ఆనించుకుంటాడు. కళ్ళు మూసుకుని, అడిగినవాడి పేరూ ప్రశ్నా జవాబూ చెప్పేస్తాడు. ఆ తర్వాత లక్క ఊడదీసి లోపల ఒకసారి చూసి, అవునన్నట్టు తలాడించి, ఎదురుగా ఉన్న కుంపట్లో పడేస్తాడు. సభంతా చేతులు జోడిస్తుంది.

మూడు దర్బార్లు చూసిన ఓబుళమ్మకి మాత్రం చేతులు లేవలేదు. నుదుటితో చదివేసినవాడికి మళ్ళీ విప్పే పనేమిటి? విప్పింది ఇంకొకరి కంట పడకుండా కాల్చడమేమిటి? పైగా ప్రతిసారీ మొదటి ప్రశ్న ఒక పరదేశి గుర్రాల బేరగాడిదే. మూడు దర్బార్లలో మూడుసార్లు వాడికి గుర్రం తప్పిపోయింది. అన్నిసార్లు గుర్రం పారేసుకునేవాడు బేరం ఎప్పుడు చేస్తాడో.

పంచమి నాడు సభ నిండింది. ఓబుళమ్మ కూడా పళ్ళెంలో ఒక చీటీ పెట్టింది, లక్క మీద గుర్తుగా సున్నం చుక్క అద్ది. స్వామి ఎగాదిగా చూసి, ఆకులు చుట్టేదానికి కూడా భవిష్యత్తు కావాలా అని నవ్వాడు. అతని వెనక సభ కూడా నవ్వింది.

మొదటి చీటీ నుదుటికెక్కింది. బేరగాడి గుర్రం నాలుగోసారి తప్పిపోయింది. రెండో చీటీకి కోశాధికారి మోకాళ్ళ నొప్పి. మూడో చీటీ తీసినప్పుడు దాని మీద సున్నం చుక్క కనబడింది ఓబుళమ్మకి. ఆకు చుట్టే చెయ్యి ఆగింది.

స్వామి కళ్ళు మూసుకున్నాడు. "ఇది దళవాయిగారి చీటీ. అమ్మాయికి ఆ కొండూరు సంబంధం కుదురుతుందా అని అడుగుతున్నారు. కుదురుతుంది."

దళవాయి, ఆ రాజ్యానికి సేనలు నడిపే మనిషి, కళ్ళనీళ్ళు పెట్టుకుని అక్కడే సాష్టాంగపడ్డాడు.

స్వామి తాపీగా లక్క ఊడదీశాడు. లోపలికి చూశాడు. అంతే, కూర్చున్న పులిచర్మం మీంచి ఒక్క గెంతు గెంతి, కుంపటి దాటి వెళ్ళి కోశాధికారి మోకాళ్ళ మీద పడ్డాడు. చీటీ గాల్లోకి ఎగిరింది.

ఓబుళమ్మ దాన్ని నేల మీంచి తీసి రాజు చేతిలో పెట్టింది. రాజు పైకి చదివాడు.

"స్వామీ, తొందరగా లేవండి. మీ పులిచర్మం కింద నల్లతేలు దూరింది."

భటులు చర్మం ఎత్తి చూశారు. దుమ్ము తప్ప ఏమీ లేదు. దళవాయి లేచి, తను తేలు సంగతి రాయనే లేదని గొణిగాడు. స్వామి జడలు సర్దుకుని, తేలు తన దివ్యదృష్టికి కనబడబట్టే లేచానన్నాడు.

ఓబుళమ్మ అతని ఎదురుగా వెళ్ళి నిలబడింది.

"ఆ చీటీ నాది స్వామీ. కళ్ళు మూసుకుని అందులో దళవాయిగారి అమ్మాయి పెళ్ళి చూశారు. తేలు మాత్రం విప్పి చదివితేగానీ కనబడలేదా?"

రాజుకి ఇంకా అర్థం కాలేదు. ఓబుళమ్మే విడమరిచింది. మొదటి ప్రశ్న బేరగాడితో ముందే మాట్లాడుకున్నది. ఆ ప్రశ్న చెబుతూ ఇంకొకరి చీటీ నుదుటికి పెట్టుకుంటాడు, సరిచూసే నెపంతో దాన్ని విప్పి చదువుతాడు. అలా చదివిందే తర్వాతి చీటీ పట్టుకుని చెబుతాడు. దళవాయి ప్రశ్న చదివింది అంతకుముందు చీటీలో.

ముందు కోశాధికారి నవ్వాడు, తర్వాత సభ. చివరికి రాజు కూడా నవ్వాడు, కాస్త సిగ్గుపడుతూనే. బేరగాడు మెల్లగా గుమ్మం వైపు జరుగుతుంటే భటులు పట్టుకున్నారు.

"మరి హారం ఎక్కడున్నట్టు?" అన్నాడు రాజు.

"నాకేం తెలుసు ఏలినవారూ, నేను స్వామిని కాను. వెతికితే దొరుకుతుంది. పదిహేడు రోజులుగా వెతకడం మానేసి ఈయన నుదురు చూస్తూ కూర్చున్నాం."

ఏం కావాలో కోరుకోమన్నాడు రాజు. బంగారం వద్దంది ఓబుళమ్మ. గురవమ్మ దొంగ అని రాసిన కోట తాటాకుల కవిలెలోనే, అదే ఆకు మీద, కాదని రాయించమంది. లేఖరి గంటం తీస్తే, పక్కనే నిలబడి అక్షరం అక్షరం చదివి చూసుకుంది. రాజముద్ర పడింది.

వంటశాల గురవమ్మ మీద ఏ నేరమూ లేదు. ఖర నామ సంవత్సరం, శ్రావణ శుద్ధ పంచమి, బుధవారం.