తూర్పు గోడ మీద పలక

ఒక రాజు రథం కట్టిస్తున్నాడు. చక్రాలు ముసలి వడ్రంగివి, పైకట్టు కొత్త వడ్రంగిది. ఒకరి భాష ఒకరికి రాదు. ఇద్దరి భాషా తెలిసినవాడు అధికారి ఒక్కడే. స్విఫ్ట్ అనే కొత్త కంప్యూటర్ భాషా, ఆబ్జెక్టివ్-సీ అనే పాత భాషా కలిపి ఫోన్ యాప్ కట్టేవాళ్ళకి ఈ రథశాల కొత్త కాదు.

భాష రాకపోయినా పని నడిచేది. ముసలాయన చేసిన ప్రతి భాగం పేరూ, కొలతా రాసిన పలక ఒకటి గోడకి వేలాడేది. అధికారి అది చదివి చెబితే కొత్తవాడు అమర్చుకునేవాడు. ఆ పలక ఎక్కడుందో రాజాజ్ఞలో రాసి ఉండేది: తూర్పు గోడ. రోజూ పొద్దున్నే అధికారి ఆజ్ఞ చదివి, పలక చూసి, పని మొదలుపెట్టమని గంట కొట్టేవాడు.

ఒకరోజు తూర్పు గోడకి సున్నం వేస్తూ పలకని పడమటి గోడకి మార్చారు. ఆజ్ఞలో మార్చాలని ఎవరికీ తట్టలేదు.

మర్నాడు అధికారి తూర్పు గోడ ముందు నిలబడ్డాడు. "పలక లేదు. కాబట్టి చక్రాలు లేవు" అన్నాడు. నాలుగు చక్రాలూ అతని వెనకే ఉన్నాయి.

"అదుగోనండీ పలక, పడమటి గోడకి" అన్నాడు కొత్త వడ్రంగి.

"ఆజ్ఞలో తూర్పని ఉంది."

"అయితే ఆజ్ఞ దిద్దండి."

"దిద్దడం నా పని కాదు. చదవడమే నా పని."

ఇక్కడే నాకు ఒళ్ళు మండుతుంది. మెడ తిప్పితే తెగిపోయే తగువు అది.

మూడు రోజులు గంట మోగలేదు. రాజు అత్త మీద కోపం దుత్త మీద చూపాడు. "పాతవాళ్ళతో ఎప్పుడూ ఇదే గొడవ. నలభై ఏళ్ళు చేశావు, ఇక చాలు" అన్నాడు ముసలాయనతో.

"నా చక్రం ఎక్కడ తప్పిందో చూపించండి ప్రభూ, పోతాను" అన్నాడాయన.

ఎవరూ చూపించలేదు. ఆయన బాడిత భుజాన వేసుకుని రాజ్యం దాటి వెళ్ళిపోయాడు. గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చారు. అదే గొడ్డలితో చక్రాలు కొట్టి, కట్టెల కింద వంటశాలకి పంపారు.

మర్నాడు అధికారి మళ్ళీ తూర్పు గోడ ముందే నిలబడ్డాడు. "పలక లేదు."

ముసలాయన లేడు, ఇక రాజు తన్నితే తననే తన్నాలని కొత్త వడ్రంగికి తెలిసింది. ఆజ్ఞ లాక్కుని, తూర్పు కొట్టేసి పడమర అని రాశాడు. ముసలాయన ఉండగా ఆ పని ఎందుకు చెయ్యలేదో అతన్నే అడగాలి.

అధికారి చదివాడు. పడమటి గోడ వైపు తిరిగి పలక చూశాడు. గంట కొట్టాడు.

"పలక ఉంది. చక్రాలు ఉన్నాయి. మొదలుపెట్టు."

వంటశాల పొయ్యిలో అప్పటికి నాలుగో చక్రం మండుతోంది.