గాజుల పగడయ్య కారు కొన్న కథ

అనగనగా కుంకుడుకోట అని ఒక రాజ్యం. ఆ రాజ్యంలో రాజుగారూ ఉన్నారు, కరెంటూ ఉంది, మాట్లాడే జంతువులూ ఉన్నాయి. ఈ మూడూ ఒకే కాలంలో ఎలా ఉంటాయని అడిగారో, కథ ఇక్కడే కట్టిపెట్టి పడుకుంటాను. అడగరు కదా? అయితే ఊ కొట్టండి.

ఆ రాజ్యంలో ఒక పెద్ద కొండ. కొండకి ఇవతల ఒక పల్లె. పల్లెలో గాజుల పగడయ్య అని ఒక వర్తకుడు. వర్తకుడంటే మేడలూ మిద్దెలూ ఉన్నవాడనుకునేరు! ఒక పెంకుటిల్లు, ఒక గాడిద బండి, నాలుగు గంపల గాజులు, అదీ అతని ఆస్తి. భార్య తిరపమ్మ, తల్లి చెంచవ్వ, ఇద్దరు ఆడపిల్లలు. వారం వారం అందరూ బండెక్కి, కనుమదారిలో కొండ దాటి, అవతల కోటలో జరిగే సంతకు వెళ్ళేవారు. పగడయ్య గాజులు పరిచేవాడు. తిరపమ్మ ఆడవాళ్ళ చేతులు నొప్పెట్టకుండా తొడిగేది. బేరాల సంగతి చెంచవ్వ చూసుకునేది. ఆమెతో బేరమాడి గెలిచినవాళ్ళు ఆ కోటలో ఇంకా పుట్టలేదు.

గాడిద పేరు దొర. మాట పెళుసు, మనసు వెన్న. ఏళ్ళ తరబడి ఆ ఇంటిని మోసినవాడు దొరే. తిరపమ్మకు పెద్దకూతురు పుట్టే రోజున వాగు పొంగితే, మెడలోతు నీళ్ళలో బండిని లాక్కెళ్ళి మంత్రసాని గుమ్మం ముందు నిలబెట్టినవాడూ దొరే.

ఒకనాడు కనుమ సగం ఎక్కాక దొర ఆగిపోయాడు.

"పగడయ్యా, ఇక నా వల్ల కాదు. మనసు ఎక్కుదామంటోంది, మోకాళ్ళు వద్దంటున్నాయి" అన్నాడు.

చేసేదేముంది? బండి వెనక్కి తిప్పారు. ఆ వారం సంత తప్పింది. పై వారమూ తప్పింది. సంత తప్పితే ఆ ఇంట్లో పొయ్యి చిన్నబోతుంది. ఇలాగే ఇంకో నెల గడిస్తే గాజుల వ్యాపారం వదిలేసి కూలికి పోవాల్సిందే. పగడయ్య అరుగు మీద తల పట్టుకు కూర్చున్నాడు.

అప్పుడు దొరే అన్నాడు. "రాజుగారు కనుమకు తారు రోడ్డు వేయించారు. దారిలో ఛార్జింగ్ స్తంభాలు పాతించారు. కరెంటు కార్లకు సుంకం కూడా లేదట. ఒకటి కొనవయ్యా. నేను ఏమీ అనుకోను."

ఏమీ అనుకోనన్నాడే గాని, చెవులు రెండూ కిందికి వాలిపోయాయి పాపం.

తిరపమ్మ లోపలి నుంచి ముంత తెచ్చి పగడయ్య ముందు పెట్టింది. అందులో ఆమె కూడబెట్టిన వరహాలున్నాయి. "సగం ధరకైనా సరిపోతాయి. మిగతాది నెలనెలా కట్టుకుందాం. కానీ ఏమయ్యా, అంగడివాళ్ళ మాటలకు పడిపోకు. మనకు కావలసింది ఒక్కటే. ఇంటిల్లిపాదీ ఎక్కితే కనుమ ఎక్కాలి, గాజు చిట్లకుండా దిగాలి. గాజుల గంపనీ అత్తనీ ఎక్కించి చూద్దాం. ఇద్దరూ నోరెత్తకపోతే అదే మన కారు" అంది.

"చూశావట్రా, నీ పెళ్ళాం నన్నూ గంపనీ ఒకే గాటన కట్టేసింది!" అంది చెంచవ్వ. అందిగాని, అందరికంటే ముందు వెళ్ళి బండిలో కూర్చుంది.

కార్ల అంగళ్ళు కొండకు ఇవతలే, మైదానంలో ఉన్న పేటలో ఉన్నాయి. దొర మెల్లగా లాగుతుంటే బయలుదేరారు.

మొదటి అంగడి నెమలిది. పగడయ్య కాలు పెట్టాడో లేదో, నెమలి పింఛం విప్పి "దయచేయండి ప్రభూ!" అంది. పుట్టి బుద్ధెరిగాక పగడయ్యను ప్రభూ అన్నవాళ్ళు లేరు. అతనికి ఒళ్ళు పులకరించింది.

అక్కడి కారు చూడాలి! దాని తలుపులు వాటంతటవే తెరుచుకుంటాయి. పైకప్పు అద్దం. సీట్లు నడుము పిసుకుతాయి. పగడయ్య ఆ కారు దిగుతున్నట్టు, ఊరంతా ముక్కున వేలేసుకున్నట్టు, బావమరిది మొహం మాడిపోయినట్టు అక్కడే నిలబడి కలగన్నాడు. ఆ కలలో గాజులు లేవు, కనుమా లేదు, ఒట్టి బావమరిది మొహమే ఉంది.

సరే, అందరూ ఎక్కారు. కారు ఒక్క ఉదుటున ఉరికింది. మలుపు దగ్గర ఒక్క ఉదుటున ఆగింది. గంపలో గాజులు గలగలమని, ఆ పైన టపటపమని, సగానికి సగం చిట్లాయి.

"ఒరేయ్ పగడా! నేను ముందుకొచ్చాను గానీ నా ప్రాణం అక్కడే ఉండిపోయిందిరా, పోయి తీసుకురా!" అని చెంచవ్వ కేకలు పెట్టింది.

అయినా పగడయ్యకు మోజు తీరలేదు. "ధరెంత?" అన్నాడు. నెమలి చెప్పింది. ముంతలో ఉన్నవి ఆ కారు చక్రాలకు కూడా చాలవు. "దానికేముంది ప్రభూ, హామీగా ఇల్లు తాకట్టు పెట్టండి" అంది నెమలి.

తిరపమ్మ అతని చొక్కా పట్టి లాగింది. "బాగుంది. ఇల్లు పోయాక ఆ కార్లోనే కాపురం పెడదామా? పొయ్యి ఏ సీటు మీద పెట్టమంటావు?"

పగడయ్య సిగ్గుపడి బయటికొచ్చాడు.

రెండో అంగడి నక్కది. నక్క పింఛాలు గట్రా విప్పలేదు. "రండి బావగారూ, ఎండన పడి వచ్చారు" అంటూ అందరికీ చల్లటి మజ్జిగ ఇచ్చింది. వరస కలిపి మజ్జిగ పోసేవాడితో జాగ్రత్తగా ఉండాలర్రా. ఈ మాట కథ మరిచిపోయినా గుర్తుపెట్టుకోండి.

నక్క కారు చిన్నది, తెల్లగా ముచ్చటగా ఉంది. చదును రోడ్డు మీద మెత్తగా సాగింది. గంప నోరెత్తలేదు. చెంచవ్వకు కునుకు కూడా పట్టింది.

"కనుమ ఎక్కుతుందా?" అన్నాడు పగడయ్య.

"కనుమేమిటి బావగారూ, ఆకాశమే ఎక్కుతుంది!"

"అయితే ఒకసారి ఎక్కించి చూద్దాం."

నక్క నాలిక కరుచుకుంది. "అయ్యో, ఈ రోజు అమావాస్య! కొత్త బండిని కొండెక్కించకూడదు."

చెంచవ్వ కళ్ళు తెరిచింది. "అమావాస్య నిన్ననే పోయిందిగా?"

"అవునా? అయితే ఈ రోజు పాడ్యమి. అది ఇంకా చెడ్డదమ్మా!"

ధర నెమలి చెప్పినదాంట్లో మూడో వంతే. అయినా ముంతలోవి చాలవు. నక్క గొంతు తగ్గించింది. "ఒక ఉపాయం చెబుతాను బావగారూ. పాతది ఇచ్చి కొత్తది పట్టుకెళ్ళండి. ఆ బయట కట్టేసిన ముసలి గాడిదను నాకు వదిలేస్తే, ముంతలో ఉన్నవాటితోనే కారు మీది. అప్పు లేదు, వడ్డీ లేదు, నెలనెలా ఎవరి మొహం చూడక్కర్లేదు."

"దాన్ని నువ్వేం చేసుకుంటావు?" అంది తిరపమ్మ.

"ఏం చేసుకుంటే మీకెందుకమ్మా? వయసు మళ్ళినా తోలు గట్టిదే కదా!"

పగడయ్య కాదనలేదు. దాచడం దేనికి, ఉన్నమాటే చెబుతున్నాను. చేతిలో గ్లాసుడు మజ్జిగ అయిపోయేదాకా అతను కాదనలేదు. అప్పు లేకుండా కారు. వచ్చే వారానికే సంత. పిల్లలకు కడుపునిండా అన్నం. అతని కళ్ళ ముందు ఇవన్నీ తిరుగుతున్నాయి.

బయటి నుంచి దొర గొంతు వినిపించింది. గాడిద చెవులకు వినపడకుండా ఏముంటుంది? "ఇచ్చెయ్ పగడయ్యా. ఎలాగూ నేను లాగలేను. నాకింత గడ్డి దండగ. నా తోలుతోనైనా నీ ఇల్లు నిలబడితే అదే చాలు."

అంతే. పగడయ్య గ్లాసు కింద పెట్టేశాడు. గబగబా బయటికొచ్చి, నడిబజారులో, పదిమందీ చూస్తుండగా, దొర ముందు మోకాళ్ళ మీద కూలబడి కాళ్ళు రెండూ పట్టుకున్నాడు.

"ఏయ్, ఏయ్! ఏమిటిది? పరువు తీస్తున్నావు, లే!" అన్నాడు దొర.

"అవసరం పడితే గాడిద కాళ్ళైనా పట్టుకోవాలంటారు" అన్నాడు పగడయ్య. "నీతో నా అవసరం తీరిపోయిందిరా దొరా. తీరిపోయాకే పట్టుకుంటున్నాను. ఆ వాగులో నా తిరపను, నా బిడ్డను ఒడ్డుకు చేర్చిన కాళ్ళు ఇవి. వీటికి వెల కట్టేవాడి మాట ఇంతసేపు విన్నాను. నన్ను క్షమించు."

బజారు జనం నవ్వారు. నక్క ఇంకా గట్టిగా నవ్వింది. తిరపమ్మ మాత్రం నవ్వలేదు, కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. చెంచవ్వ "పుట్టావురా నా కడుపున!" అని మెటికలు విరిచింది.

ఇక మిగిలింది వీధి చివరనున్న మూడో అంగడి. అది ముళ్ళపందిది. అక్కడ ఈగలు తప్ప కొనేవాళ్ళెవరూ లేరు. యథార్థవాది లోకవిరోధి అని ఊరికే అన్నారా? ముళ్ళపంది ఒంటి మీద ముళ్ళకంటే దాని మాటలో ముళ్ళే ఎక్కువ.

"ఎంతమంది? ఏ దారి? ఏం మోస్తారు? ఇంట్లో కరెంటు ఉందా లేదా?" అంటూ మొదలుపెట్టింది. దండం లేదు, మజ్జిగ లేదు.

పగడయ్య అన్నీ చెప్పాడు. ముళ్ళపంది బూడిదరంగు కారు ఒకటి చూపించింది. అందమూ లేదు, చందమూ లేదు. బొత్తిగా సత్తు బిందెలా ఉంది.

"ఒకసారి ఛార్జింగ్ పెడితే ఎంత దూరం పోతుంది పెద్దమ్మా?" అన్నాడు పగడయ్య.

"కాగితం మీద రాసినదాన్ని నమ్మకు. అందులో మూడో వంతు తీసెయ్. అందరూ ఎక్కి, ఎండలో ఏసీ వేసుకుని, కనుమ ఎక్కితే దమ్ము అంతే ఉంటుంది. అయినా నువ్వు సంతకు పోయి రావడానికి అది చాలు. ఏడాదికి ఒక్కసారి పోయే తీర్థయాత్ర కోసం పెద్దది కొంటానంటే నీకు నేను అమ్మను. దానికి బాడుగ కారు మాట్లాడుకో. ఇంకో మాట. బ్యాటరీకీ వయసు మీద పడుతుంది. కొన్నేళ్ళకు ఇదీ కొంచెం అలిసిపోతుంది. ముందే చెప్పాను, తరవాత నా మీద పడి ఏడవకు."

"అలిసిపోతే మాత్రం? మా దొర అలిసిపోలేదా?" అంది తిరపమ్మ.

అందరూ ఎక్కారు. ఈసారి కనుమ ఎక్కించారు. మలుపు మీద మలుపు, ఎత్తు మీద ఎత్తు. కారు ఆయాసపడకుండా పైదాకా ఎక్కి, మెత్తగా దిగివచ్చింది. తిరపమ్మ గంప మీది గుడ్డ తీసి చూసింది. మొదటి అంగడిలో చిట్లినవి పోగా, మిగిలిన గాజుల్లో ఒక్కటి కూడా చిట్లలేదు. చెంచవ్వ నోరెత్తలేదు. ఇది చిన్న సంగతా!

ధర విన్నాక పగడయ్య మొహం వాడిపోయింది. ముంతలో ఉన్నవి సగానికే వచ్చాయి. "మిగతాది నెలనెలా కడతాను పెద్దమ్మా" అన్నాడు.

"కడతాననడం కాదు. హామీ ఏది?" అంది ముళ్ళపంది.

బయటి నుంచి దొర అందుకున్నాడు. "మొదటి అంగడిలో ఇల్లు అడిగారు. రెండో అంగడిలో నన్ను అడిగారు. నువ్వేం అడుగుతావో అడుగు తల్లీ."

ముళ్ళపంది చటుక్కున తల తిప్పింది. "నక్క నిన్ను అడిగిందా? ఈయన ఇవ్వలేదా?"

చెంచవ్వ ఊరుకుంటుందా? మజ్జిగ దగ్గర నుంచి మోకాళ్ళ మీద కూలబడిన దాకా పూసగుచ్చినట్టు చెప్పేసింది.

ముళ్ళపంది గుమ్మం దాకా వెళ్ళి దొరను ఒకసారి చూసి వచ్చింది. నిక్కపొడుచుకుని ఉన్న ముళ్ళన్నీ మెల్లగా వాలాయి. "ఈ అంగట్లో నా జుట్టంతా... జుట్టు కాదులే, ముళ్ళన్నీ నెరిసిపోయాయి" అంది. "నెలనెలా కడతామన్నవాళ్ళను ఎంతమందినో చూశాను. లేనివాడు ఎగ్గొట్టడు నాయనా, మరిచిపోయేవాడు ఎగ్గొడతాడు. బండి చేతికొచ్చాక వాడికి నేనూ ముసలి గాడిదనే కదా! నువ్వు పని తీరాక మరిచిపోయే రకం కాదు. నీ ఇల్లు నాకెందుకు? నీ హామీ బయట నిలబడి గడ్డి నములుతోంది. కారు తీసుకెళ్ళు."

పగడయ్య రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. "ఎవరికైనా రుణపడితే నీలాంటిదానికే పడాలి తల్లీ" అన్నాడు.

"చాల్లే, ముళ్ళు గుచ్చుకుంటాయి, దూరంగా ఉండు" అంది ముళ్ళపంది. దాని కళ్ళు మాత్రం చెమర్చాయి.

పగడయ్య స్టీరింగ్ ఒకసారి పట్టుకుని చూసి, "ఇది నీ చేతి పనే" అని దిగిపోయాడు. తిరపమ్మ పట్టుకుంది. పసిపిల్లల చేతులకు గాజులు తొడిగే చేతులు కదా, కారును మెత్తగా ఊరివైపు తిప్పింది. ఖాళీ బండిని పేటలోనే వదిలేసి, పగడయ్య దొర మెడ మీద చెయ్యి వేసి నడుచుకుంటూ ఇల్లు చేరాడు. మొయ్యడానికి ఏమీ లేకుండా దారి పొడుగునా నడవడం దొరకు అదే మొదలు. "ఒళ్ళు తేలిపోతోందయ్యా, గాలొస్తే ఎగిరిపోతానేమో" అన్నాడు.

మర్నాడు కారుకు పూజ. ఊరంతా చేరింది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. చెంచవ్వ కొబ్బరికాయ పగడయ్య చేతికందించింది. తిరపమ్మ పసుపు, కుంకుమ, హారతి పళ్ళెం పట్టుకుని వచ్చింది. వచ్చి, కారును దాటి, పాక దగ్గరికి పోయి దొర నుదుట బొట్టు పెట్టింది.

జనం గొల్లుమన్నారు. "ఓయ్ పగడయ్యా! కొత్త కారు ఇక్కడుంటే, మీ ఆవిడ గాడిదకు హారతి ఇస్తోందేమిటి?" అన్నారు.

పగడయ్య నవ్వాడు. "కారు రేపటి నుంచి మోస్తుంది. దొర నిన్నటి దాకా మోశాడు. మొదటి హారతి ఎవరిదో మీరే చెప్పండి" అన్నాడు.

ఆ నవ్వినవాళ్ళలోంచే ఒక ముసలాయన తలపాగా తీసి చంకలో పెట్టుకుని, ముందుకొచ్చి హారతి కళ్ళకద్దుకున్నాడు. ఆ వెనక ఒక్కొక్కరే వచ్చారు. దొర తల పక్కకు తిప్పుకుని, పొగ కళ్ళలో పడిందన్నాడు.

కొనడానికి వరహాలుంటే సరిపోతుందేమోగాని, నిలబెట్టుకోవడానికి కృతజ్ఞత కావాలి. మోసినవాణ్ణి మరవని మనిషిని లోకం ఎప్పుడూ నట్టేట ముంచదు.