మెడ తిరగని ఎలుగుబంటి

దగ్గరకు జరగండి, చెబుతాను. అనగనగా ఒక అడవి. అక్కడ మధ్యాహ్నమైనా మంచు విడిచేది కాదు. ఆ మంచులోకి వెళ్లిన జంతువులు కొన్ని తిరిగి వచ్చేవి కావు. కేక వినపడేది కాదు. నెత్తురు చుక్క కనపడేది కాదు.

ఆ అడవిలో బొంతడనే కుర్ర ఎలుగుబంటి ఉండేవాడు. వాడికొక చిట్టి చెల్లెలు. "చెల్లిని నేనే కాపాడుకోవాలి. అందుకు బలం కావాలి" అనుకున్నాడు.

అడవి నడుమ ఒక పాడుబడ్డ బంగళా ఉంది. ఎప్పుడో మనుషులు వదిలేసిన డంబెల్స్ అందులో పడి ఉన్నాయి. బొంతడు వాటిని చూసి, అడవిదున్న గౌరత్త దగ్గరకు వెళ్లాడు. ఆమె మూపు కొండలా ఉండేది.

"అత్తా, నీలాంటి మూపు నాకెలా వస్తుంది?"

"చిన్న డంబెల్స్ పట్టుకో నాయనా. చేతులు కిందికి వదిలి, భుజాలు చెవుల వైపు లేపు. కాస్త ఆపి, మెల్లగా దించు. మెడ వంచకు. ఒకరోజు చేస్తే మర్నాడు మానెయ్. మెడ నుంచి వీపు దాకా పరుచుకున్న కండ అది. విశ్రాంతిలోనే పెరుగుతుంది. నొప్పి పుడితే మాత్రం ఆపెయ్."

బొంతడు అలాగే చేశాడు. మూపు కొద్దికొద్దిగా గట్టిపడింది.

ఒక పొద్దున గోడ అవతల ఎవరో నవ్వారు. మంచులోంచి దుమ్ములగొండి వచ్చింది.

"ఇంత చిన్నవా? వీటితో చీమనైనా ఆపలేవు. పెద్దవి ఎత్తు!"

బొంతడికి రోషం వచ్చింది. పెద్దవి ఎత్తాడు. మెడ పట్టేసింది.

"నొప్పిగా ఉంది మామా."

"నొప్పంటే బలం వస్తున్నట్టే. ఆపకు."

మర్నాడు చెయ్యి తిమ్మిరెక్కింది. "ఇవాళ మానెయ్యాలంది అత్త" అన్నాడు బొంతడు.

"నీ చెల్లిని ఎత్తుకుపోయేవాడు మానేస్తాడా?" అంది దుమ్ములగొండి.

బొంతడు మళ్లీ ఎత్తాడు.

ఆ మరుసటి రోజు మెడ అసలు తిరగలేదు. అయినా వాడు బరువులు చేతపట్టాడు. బంగళా నిండా మంచు. వెనక నేల మీద గోళ్లు టిక్ టిక్‌మన్నాయి.

"మామా, నువ్వేనా?"

"నేనే. ఏదీ, ఒకసారి వెనక్కి తిరిగి చూడు."

చూడలేకపోయాడు.

"కొండముచ్చు కూడా చూడలేకపోయింది" అంది దుమ్ములగొండి, చెవి పక్కనే. "దానికంటే ముందు కోతి కూడా."

వెచ్చటి ఊపిరి వాడి మెడ మీద పడింది. బొంతడికి అంతా అర్థమైంది. మెడ తిరగకపోతేనేం, ఒళ్లంతా గిర్రున తిప్పి, చేతిలోని బరువులు వదిలేశాడు. అవి దుమ్ములగొండి కాళ్ల మీద పడ్డాయి. అది అరుస్తుంటే వాడు "అత్తా! అత్తా!" అని కేకలేస్తూ పరుగెత్తాడు. గౌరత్త కొమ్ములు వంచి వచ్చేసరికి, దుమ్ములగొండి కుంటుకుంటూ మంచులో కలిసిపోయింది.

అత్త వేడి ఇసుక మూటతో వాడి మెడకు కాపడం పెట్టింది. చాలాకాలం ఏ బరువూ ముట్టనివ్వలేదు. నొప్పి తగ్గాక మళ్లీ చిన్నవాటితోనే మొదలుపెట్టించింది. బొంతడు బలవంతుడయ్యాడు. చెల్లిని మూపు మీద మోసుకు తిరిగేవాడు.

కానీ వాడి మెడ ఎడమవైపు ఇప్పటికీ పూర్తిగా తిరగదు. అందుకే ఆ వైపు ఎప్పుడూ చెల్లే చూస్తుంది.

నీతి: ఒళ్లు ఆగమన్నప్పుడు ఆగినవాడికే బలం నిలుస్తుంది, నొప్పిని బలమని నమ్మించేవాడు మన మేలు కోరేవాడు కాడు.