మడుగు గట్టు దాకా వరస

అనగనగా ఒక అడవి. ఎండలు ముదిరితే అక్కడ ఒక్క మడుగులోనే నీళ్లు మిగిలేవి. "పెద్ద జంతువులు తాగి వెళ్లాకే చిన్నవి దిగాలి" అని సింహం చట్టం పెట్టింది. పెద్దవి వెళ్లేసరికి మిట్టమధ్యాహ్నం అయ్యేది. అప్పటికి మిగిలేది బురదే.

తల్లులు లేని పిల్లల్ని చేరదీసి సాకే ముళ్లపంది పోలమ్మ అక్కడే ఉండేది. ఆ బురద తాగి ఆమె దగ్గరున్న కుందేలు పిల్ల జబ్బుపడింది. తల కూడా ఎత్తడం లేదు.

చట్టం మార్చమని అడగడానికి ఆ అడవిలో ఒక పద్ధతి ఉంది. అడిగేవాళ్లు సింహం కూర్చునే బండ ముందు నిలబడాలి. ఒప్పుకున్నవాళ్లు వెనకే ఒకరినొకరు తాకుతూ వరసకట్టాలి. ఆ వరస మడుగును అందుకుంటే సింహం చట్టం మార్చాల్సిందే.

పోలమ్మ ఉడతల్ని, ముంగిసల్ని, కుందేళ్లని వెంటబెట్టుకుని వెళ్లింది. వరస సగం దూరం కూడా రాలేదు.

"పోలమ్మత్తా, చీమల్ని కూడా పిలవకపోయావా?" అంది మంత్రి నక్క.

పోలమ్మకు ఒళ్లు మండింది. "ఈ ఏనుగులకీ దున్నలకీ సిగ్గు లేదు! పసివాళ్ల నోటి దగ్గర నీళ్లు లాక్కుంటున్నాయి!" అని అరిచింది. ఆ కోపానికి ముళ్లన్నీ నిక్కబొడుచుకున్నాయి. వెనకున్న ఉడతలు కెవ్వుమని చెట్టెక్కాయి. ఉన్న వరస కూడా చెదిరిపోయింది.

"ముందు నీవాళ్లను నీ వెనక నిలుపుకో," అంది సింహం.

పోలమ్మ తలవంచుకుని ఇంటికి వచ్చింది. ఏనుగులు, దున్నలు లేకుండా వరస మడుగును చేరదు. వాటినే తను నలుగురిలో తిట్టింది. మర్నాడు సిగ్గు చంపుకుని ఏనుగుల పెద్ద చెంగమ్మ దగ్గరికి వెళ్లింది.

"ఏమే, తిట్లు ఇంకా మిగిలాయా?" అంది చెంగమ్మ.

"లేదు పెద్దమ్మా, తప్పయింది. మడుగు దగ్గర మీకేం కష్టమో అడుగుదామని వచ్చాను."

చెంగమ్మ చెవులు ఆడించడం ఆపేసింది. "ఈ మాట ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదే! పెద్దవాళ్లమంతా ఒక్క రేవులోనే దిగుతాం. మొన్న తోపులాటలో నా మనవడు కిందపడ్డాడు. మేమూ బురదే తాగుతున్నాం."

దున్నలూ అదే చెప్పాయి. పోలమ్మ తన కోరిక మార్చుకుంది. "ఊట ఉన్న పై రేవు చిన్నవాళ్లకి, లోతున్న కింది రేవు పెద్దవాళ్లకి. తెల్లవారగానే అందరం దిగుదాం," అంది.

"మీ కాళ్ల బురద మాకు పారితే?" అంది ఒక దున్న.

"ఉడత కాళ్లకు ఎంత బురద లేస్తుంది బావా?"

దున్న ఫక్కున నవ్వింది.

ఈసారి బండ ముందు పోలమ్మ వెనక ఉడతలు, ముంగిసలు, కుందేళ్లు, దున్నలు, ఏనుగులు నిలబడ్డాయి.

"ఔరా! ఏనుగులు కూడా ముళ్లపందికి తోకలయ్యాయే!" అంది నక్క.

పోలమ్మ వీపు జివ్వుమంది. కానీ వెనక ఉడత చెయ్యి ఆనుకుని ఉంది. కోపం దిగమింగింది. ఒక్క ముల్లూ లేవలేదు, ఒక్కరూ కదల్లేదు.

అయినా గట్టు దగ్గర కాస్త ఖాళీ మిగిలింది. చివరనున్న చెంగమ్మ తొండం చాచి నీళ్లలో ముంచింది.

సింహం బండ మీద లేచి నిలబడింది. "చట్టం మారింది! రెండు రేవులు!"

అడవి దద్దరిల్లింది. ఘీంకారాలు, రంకెలు, కిచకిచలు ఒక్కటైపోయాయి.

"ముందు జబ్బుపడ్డ ఆ పసిదాన్ని దించండి," అంది చెంగమ్మ. పోలమ్మ కుందేలు పిల్లను పై రేవుకు తీసుకువెళ్లింది. అది తేట నీళ్లు తాగింది. ఒకసారి తుమ్మింది. తలెత్తి, "ఇంకా!" అంది.

నీతి: నలుగురూ మన వెంట నిలబడాలంటే, ముందు ఆ నలుగురి కష్టం మనం వినాలి.