బుర్రా వారి తేలిక చక్రాలు

మా ఇంటిపేరు బుర్రా. ఊళ్ళో అందరికీ బుర్ర మెడ మీదే ఉంటుంది, మాకు ఇంటిపేరులో కూడా ఉంది. పెసరపాడులో ఇంత తెలివైన కుటుంబం ఇంకోటి లేదని మా నాయనమ్మ మంగాయమ్మ రోజూ చెబుతుంది. వేరే ఎవరూ చెప్పరు కాబట్టి ఆవిడే చెప్పుకోవాలి మరి.

మా తెలివంతటికీ మూలం ఒక ఆచారం. మా ఇంట్లో ఏ పనిలోనైనా అందరి చెయ్యీ పడాలి. ఒక్కరు చేస్తే తప్పు జరగొచ్చు, ఐదుగురం చేస్తే ఎలా జరుగుతుంది? అందుకని పులుసులో ఉప్పు కూడా ఐదుగురం వేస్తాం. ఐదుగురంటే నాయనమ్మ, బెల్లం కొట్టు నడిపే మా నాన్న పేరయ్య, అమ్మ నూకరత్నం, బాబాయి అబ్బులు, నేను. నా పేరు బాబ్జీ. ఇంటర్ మూడుసార్లు చదివాను కాబట్టి ఇంట్లో అందరికంటే ఎక్కువ చదువుకున్నవాణ్ణి నేనే.

ఆరో మనిషి మా చెల్లెలు హైమ. దానికి ఈ తెలివి అబ్బలేదు. పులుసు నోట్లో పెట్టుకుని, ఉప్పు ఒక్కరు వేస్తే చాలదా అంటుంది. చిన్నపిల్లలే, పోనీ అని ఊరుకుంటాం.

కానీ సైకిలెక్కితే మాత్రం హైమ గాలే. ఎవరో వాడి అమ్మేసిన రేసు సైకిలు దానిది, చక్రాలు మహా బరువు. ఆ చక్రాలతోనే పోయినేడు జిల్లా పందెంలో నాలుగోది వచ్చింది. మొదటి ముగ్గుర్నే రాష్ట్ర శిబిరానికి పిలుస్తారు. మూడో పిల్లకీ దీనికీ మధ్య జానెడు దూరం. ఆవేళ అన్నం తినకుండా ఆ చక్రాలకేసి చూస్తూ కూర్చుంది. మాది తెలివైన కుటుంబమే గానీ రాతి గుండెలు కావు. ఈ ఏడు ఎలాగైనా దానికి తేలిక చక్రాలు కొనాలనుకున్నాం.

కొనడానికి వెళ్ళేరోజు దానికి కాలేజీలో పరీక్ష పడింది. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో నిలబడి నాకు చెప్పింది.

"అన్నయ్యా, తేలిగ్గా ఉండాలి, మన తాహతుకి తగ్గట్టూ ఉండాలి. కార్బన్ చక్రాల జోలికెళ్ళకండి, మనవల్ల కాదు. కొనేముందు చేత్తో ఎత్తి చూడండి."

అంతే. ఐదుగురం బస్సెక్కి కాకినాడలో సత్తార్ గారి సైకిలు షాపు ముందు దిగాం. చెప్పినట్టే ఎత్తి చూశాం. ఆచారం ప్రకారం అందరం తలో చెయ్యీ వేసి ఎత్తాం. మొదటి చక్రం పువ్వులా లేచింది. రెండోదీ అలాగే లేచింది. మూలనున్న ఇంకోటయితే నాయనమ్మ చిటికెనవేలు కూడా అక్కర్లేకుండానే లేచింది.

"ఇంతకంటే తేలికది ఉండదండి. ఇదిచ్చెయ్యండి," అన్నాడు నాన్న.

"అది ఐసుబండి చక్రమండి," అన్నాడు సత్తార్ గారు.

"మరి ఇంత తేలిగ్గా ఎందుకుందండి?"

ఆయన మా ఐదు చేతులకేసీ చూశాడు. పెద్దమనిషి, నవ్వు ఆపుకున్నాడు. చక్రాలు ఎవరికని అడిగాడు. హైమ పేరు చెప్పగానే, "జానెడులో పోయిన పిల్లే గదండి," అని లోపలికెళ్ళి ఒక జత తెచ్చాడు. అల్యూమినియంవి. రెండూ కలిపి పదహారు వందల గ్రాములు, ధర కార్బన్ వాటిలో నాలుగోవంతు కూడా లేదు.

"వీటికి స్పోకు పుల్లలు తక్కువండి. మామూలు చక్రానికి ముప్ఫై ఆరుంటాయి, దీనికి ఇరవయ్యే. పుల్లలు తగ్గితే బరువు తగ్గుద్ది. మీ డబ్బుకి ఇంతకంటే మంచివి రావు."

ఇరుసు దగ్గరున్న మీట కూడా చూపించాడు. అది లాగితే చక్రం ఊడి వచ్చేస్తుందట.

మంచి మాట ఎవరైనా చెబితే చాలామంది ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తారు. మేమలా కాదు. పుల్లలు తగ్గితే బరువు తగ్గుద్దన్న మాటని చక్రాలతో పాటు భద్రంగా ఇంటికి తెచ్చుకున్నాం.

ఇంటికి రాగానే నాన్న వాటిని బెల్లం కాటా మీద పెట్టాడు. పదిహేడు వందలు తూగాయి. ఆ ఎక్కువ నూరు గ్రాములూ కాటా పళ్ళేనికి ఏళ్ళ తరబడి అంటుకుపోయిన బెల్లం బరువు. ఆ సంగతి చీమలకి తెలుసు గానీ మాకు అప్పటికి తెలీదు.

"మోసపోయాంరా," అంది నాయనమ్మ.

"మోసమేం లేదు నాయనమ్మా. ఉపాయం ఆయనే చెప్పాడుగా, పుల్లలు తగ్గిస్తే సరి," అన్నాను నేను. అవును, అన్నది నేనే. దాచుకుని లాభం లేదు.

ఇంకేముంది, బాబాయి పటకారు తెచ్చాడు. ఒక పుల్ల తీసి ఆగుదుమేమో గానీ, ఒక్కరే తీస్తే ఆచారం ఏమైపోవాలి? తలో పుల్లా తీశాం. వెనక చక్రానికి అన్యాయం చెయ్యకూడదని అమ్మ అంటే దానికీ ఐదు తీశాం. మళ్ళీ తూస్తే ఇంకా ఎక్కువే ఉంది.

"లోపల ఇంకా ఏదో ఉండిపోయిందిరా," అన్నాడు బాబాయి.

టైర్లలో గాలి ఉండిపోయింది. గాలికి బరువుందని నేను ఇంటర్ మూడోసారి చదివినప్పుడు తెలిసింది. తీసేశాం. చక్రం తిప్పి చూస్తే వేయించిన అప్పడంలా వంకర్లు తిరుగుతోంది.

"ఇందాకటిదాకా బిర్రబిగుసుకుపోయుంది, ఇప్పుడు హాయిగా ఉంది దాని ప్రాణానికి," అంది అమ్మ.

తీసిన పుల్లలు పారేస్తామా? అమ్మ ఒకటి ఇడ్లీ ఉడికిందో లేదో గుచ్చి చూడ్డానికి పెట్టుకుంది. నాయనమ్మ ఒకటి వీపు గోక్కోడానికి పుచ్చుకుంది. మిగతా ఎనిమిదీ నాన్న కట్టకట్టి, ఈగలు తోలడానికి కొట్లో పెట్టాడు.

సాయంత్రం హైమ వచ్చి చక్రాలు చూసింది. తిడుతుందనుకున్నాం. తిట్టలేదు. వాటి పక్కనే నేల మీద కూర్చుని ఏడ్చింది. "ఎల్లుండే పందెం అన్నయ్యా," అని మాత్రం అంది. ఐదుగురం తలలు దించుకుని వరసగా నిలబడ్డాం. సిగ్గుపడ్డం కూడా మా ఇంట్లో ఒక్కరు పడరు.

తెల్లారగానే హైమ పుల్లలన్నీ ఏరుకుని, ఒకదానికున్న ఇడ్లీ పిండి కడుక్కుని, చక్రాలతో సహా మొదటి బస్సులో సత్తార్ గారి దగ్గరికి పరుగెత్తింది. ఆయన మధ్యాహ్నం దాకా కూర్చుని, పుల్లలు బిగించి వంకర్లన్నీ తీశాడు. మాకొక కబురు కూడా పంపాడు. పందెం అయ్యేదాకా ఆ చక్రాల మీద మీరెవరూ చెయ్యి వెయ్యకండి అని. వెయ్యలేదు. చేతులు వెనక్కి కట్టుకుని మరీ సైకిలు పక్కనుంచి నడిచాం.

పందెం కాలవగట్టు రోడ్డు మీద. పొద్దున్నే మైకులో ఒకాయన గట్టిగా చెప్పాడు. "అందరూ వినాలి. ఎవరి ముందు చక్రం ముందు గీత దాటితే వాళ్ళే ముందు. మేం మనిషిని చూడం, చక్రాన్నే చూస్తాం." ఇదీ భద్రంగా గుర్తుపెట్టుకున్నాం.

గీతకి పది బారల ఇవతల నిలబడ్డాం. ఇద్దరు పిల్లలు దాటేశారు. మూడోది హైమ. ఆ చక్రాలు తిరుగుతున్నాయో లేదో కూడా తెలీకుండా వస్తోంది. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. సరిగ్గా మా ముందుకొచ్చేసరికి గొలుసు ఊడి ఇరుక్కుపోయింది. సైకిలు ఆగింది. నాలుగో పిల్ల ఇంకా చాలా వెనకుంది.

"ఏం ఫర్లేదు, వెనక చక్రం ఎత్తిపట్టి తోసుకుంటూ దాటేస్తాను. మీరు తప్పుకోండి," అని హైమ దిగింది.

తప్పుకుని ఉంటే బుర్రా వాళ్ళం ఎలా అవుతాం? దాటాల్సింది ముందు చక్రం. దానికి మనిషెందుకు, మిగతా సైకిలెందుకు? నాన్న సీటు పట్టుకున్నాడు. బాబాయి హ్యాండిలు ఎత్తాడు. అమ్మ హైమని గట్టిగా కావలించుకుంది, అడ్డు రాకుండా. నేను మీట లాగాను. మీట చక్రం కాదు గదా, చెయ్యి వేసినా తప్పులేదు. ఊడిపడిన చక్రాన్ని నాయనమ్మ చేత్తో ముట్టుకోకుండా, ఊతకర్రతో ఒక్క తోపు తోసింది.

సత్తార్ గారి పనితనం చెప్పుకోవాలి. ఇంత వంకర లేకుండా తిన్నగా పోయి, మూడోదిగా గీత దాటింది. విజిలు వేసే ఆయన నోట్లోంచి విజిలు జారిపోయింది. చక్రం అక్కడ ఆగిందా? అంత తేలికది ఎందుకు ఆగుతుంది? గట్టు దిగి కాలవలో పడింది.

హైమ మాకేసి ఒక్క చూపు చూసింది. అమ్మ చేతులు విడిపించుకుని, మిగిలిన సైకిలు భుజానికెత్తుకుని పరుగెత్తింది. నాలుగో పిల్ల వెనకాలే దూసుకొచ్చింది. హైమ పాదం జానెడు ముందు పడింది.

పెద్దలంతా గుంపుగా చేరి వాదించుకున్నారు. చక్రం లేని సైకిలు లెక్కలోకి రాదన్నాడొకాయన. చక్రాన్నే చూస్తామని మైకులో చెప్పిందెవరని ఇంకొకాయన అడిగాడు. "మనిషీ మూడోదే, చక్రమూ మూడోదే, ఇంకా గొడవేంటండి," అని చివరికి ఒక పెద్దాయన పేరు రాసేశాడు. ఐదుగురం కలిసి ఏడ్చాం.

శిబిరానికి బుధవారం వెళ్ళాలి. కాలవలో చక్రం పడిన చోట ఈతగాణ్ణి దింపుదామంది హైమ. నాకు జాలేసింది.

"పిచ్చిదానా, అది తేలిక చక్రమే. తేలికైనవి మునుగుతాయా? ఎండుటాకు మునిగిందా ఎప్పుడైనా? నీళ్ళ మీద కొట్టుకుపోతూ ఉంటుంది."

అంతే. బాబాయి చేపల వల తీసుకుని, నీళ్ళు పారే వైపు రెండు ఊళ్ళ అవతలున్న వంతెన దగ్గర వల కట్టి కూర్చున్నాం. రెండు రోజులు చూశాం. కొబ్బరి చిప్పలొచ్చాయి, ఎవరిదో ఎడమకాలి చెప్పొచ్చింది, ఒక గుమ్మడికాయ వచ్చింది. చక్రం రాలేదు.

మూడోరోజు బుధవారం. వంతెన మీదికి బస్సొచ్చి ఆగింది. బస్సు టాపు మీద హైమ సైకిలు, రెండు చక్రాలతో. హైమ దిగి గబగబా మా దగ్గరికొచ్చింది.

"చక్రం దొరికింది, పడ్డచోటే ఉంది. ఇంక ఇంటికి పొండి," అంది.

అమ్మ నా చెవిలో, "మనం బాధపడతామని ఎవరినో అడిగి తెచ్చుకుని ఇలా చెబుతోందిరా, బంగారుతల్లి," అంది. అందరికీ కళ్ళనీళ్ళు తిరిగాయి.

"నువ్వెళ్ళమ్మా," అన్నాను కళ్ళు తుడుచుకుంటూ. "అసలుది రాగానే మేం పంపిస్తాం."

హైమ మా ఐదుగురికేసీ చూసింది. చాలా రోజుల తర్వాత నవ్వింది. నాయనమ్మ కాళ్ళకి దణ్ణం పెట్టి బస్సెక్కింది. వంతెన దాటేదాకా కిటికీలోంచి చెయ్యి ఊపుతూనే ఉంది.

బస్సు కనుమరుగయ్యాక నాయనమ్మ కాలవకేసి చూసి నిట్టూర్చింది.

"తేలికది కొనడమే తప్పయిందిరా. బరువుది కొనుంటే పడ్డచోటే ఉండేది, ఈపాటికి తీసేసుకునేవాళ్ళం."

ఆ మాటకి ఐదుగురం తలలూపాం. వల ఇంకో రెండు బారలు కిందికి జరిపి కట్టి, మళ్ళీ కూర్చున్నాం.